అక్క మెడలో గీత

ఉంది. నల్లకాగితం అడ్డం పెడితే లేదు. తీస్తే మళ్ళీ ఉంది. వెంట్రుకంత సన్నంగా, నల్లగా, అడ్డంగా, అక్క మెడలో రెండో ఎముక మీద చిటికెనవేలి కొసలా పైకి నిలబడే ఆ చిన్న కొమ్ముకి సరిగ్గా మొదట్లో. ఇది నిజంగా ఎముకలో ఉన్న గీతైతే కొమ్ము విరిగినట్టే. విరిగిన కొమ్ము తల ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు జరుగుతుంది, జరిగి వెనకున్న వెన్నుపాముని నొక్కుతుంది, నొక్కితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. ఇది నా కంట్లో మాత్రమే ఉన్న గీతైతే అక్కకి ఏమీ కాలేదు, మెడకి కట్టిన కాలర్ విప్పేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, సాయంత్రానికి బావ చేతికి అప్పగించవచ్చు. ఈ రెంటిలో ఏదో చెప్పవలసిన మనిషిని నేను. ఈ ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు చదివే డాక్టర్ని నేనొక్కదాన్నే. స్కానింగ్ మిషను పనిచేస్తుంటే ఇంత చిక్కే లేదు, అది పొద్దున్నే మొరాయించింది, బాగుచేసే మనిషి దారిలో ఉన్నానంటున్నాడు, దారిలో ఉన్నానని చెప్పేవాళ్ళంతా ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉంటారని నా అనుభవం. పెద్దాస్పత్రికి పంపుదామంటే గతుకుల రోడ్డు, విరిగిన మెడకి ఆ రోడ్డే చాలు. ఇందాక ఎముకల డాక్టరు కిందినుంచి ఫోన్ చేశాడు. "మేడమ్, మీ అక్కగారికి కడుపులో తిప్పుతోందట. వెల్లకిలా కట్టేసి ఉంచాం, వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాలర్ విప్పమంటారా, వద్దా?" ఒక్క నిమిషం అన్నాను. ఆ నిమిషం ఎప్పుడో అయిపోయింది.

ఈ కాగితం ఏమిటంటే, మా పనిలో పాత ఉపాయం. నోరు బాగా తెరిపించి, తెరిచిన నోట్లోంచి తీసిన ఫిల్ము ఇది. పైపళ్ళ నీడ తెల్లగా వచ్చి కొమ్ము మొదట్లో వాలింది. తెలుపు ఆగిపోయి బూడిదరంగు మొదలయ్యే అంచు దగ్గర కన్ను ఊరికే ఉండదు, తెలుపుని ఇంకాస్త తెల్లగా, పక్కనున్న బూడిదని ఇంకాస్త నల్లగా చేసి, పొలాల మధ్య గట్టు వేసినట్టు తనే ఒక నల్లగీత గీసిపెడుతుంది. ఆ గీత ఫిల్ములో ఉండదు. వెలుతురు కొలిచే మీటరు పెడితే దానికి చిక్కదు. కంటికే చిక్కుతుంది, అదీ ప్రతి కంటికీ. అనుమానం వస్తే తెల్లనీడని నల్లకాగితంతో కప్పు, అంచు పోతే గీతా పోతుంది, విరిగిన ఎముకైతే పోదు, అని చదువులో మొదట్లోనే చెబుతారు. ఎన్ని మెడలకి చెప్పాను ఆ మాట, చల్లారిన కాఫీ తాగుతూ, ఫోన్లో ఇంటికి రావలసిన ప్లంబరుతో పోట్లాడుతూ, "గీత లేదు, పంపించెయ్యండి" అని. వాళ్ళెవరూ నాకు జడ అల్లలేదు, వాళ్ళెవరూ నా లెక్కల హోంవర్కు చేసిపెట్టలేదు. ఇప్పుడు కాగితం పెట్టగానే ఇంకో అనుమానం పుడుతోంది, పళ్ళ నీడని కప్పానా, లేక నా చెయ్యి కిందికి జారి నిజమైన గీతనే కప్పేసిందా? అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. కాగితం కొంచెం పైకి జరుపుతాను. లేదు. ఇంకొంచెం పైకి. ఉన్నట్టుంది. ఉన్నట్టుందా, ఉందా? ఫిల్ము వెనక వెలిగే లైటుపెట్టె మీద నా వేలి నీడ కూడా పడుతోంది.

అక్క ఉండి ఉంటే నవ్వేది. ఉండి ఉంటే ఏమిటి, కిందనే ఉంది, రెండంతస్తుల కింద, కాలర్‌లో, ఇసుక సంచుల మధ్య తల పెట్టుకుని. నా నోటికి ఏమొచ్చింది? అక్క కాలేజీలో తత్వశాస్త్రం చెబుతుంది. లోకం మనకి సూటిగా కనబడుతుంది, మధ్యలో తెరలూ బొమ్మలూ లేవు, కుర్చీని చూస్తే కుర్చీనే చూస్తాం గాని బుర్రలోని కుర్చీ బొమ్మని కాదు, ఇదీ ఆమె వాదం. దానికి ప్రత్యక్ష వాస్తవవాదమని పెద్ద పేరుంది, ఆ పేరు ఇంటిపేరులా మోసుకు తిరుగుతుంది. నాది దానికి సరిగ్గా ఎదురు. నీడలు చదువుకుని బతికేదాన్ని, మనిషి చూసేది నీడల్నేనని నేను అనక ఎవరనాలి? ఈ పోట్లాట మా ఇద్దరికీ ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, వంటింట్లో గాజుగ్లాసులో స్పూను పెట్టిన రోజునే అనుకుంటాను. నీళ్ళ దగ్గర స్పూను విరిగినట్టు వంకరపోయింది. "చూడు, నీకు కనబడేది వంకరగా ఉంది, స్పూనేమో తిన్నగా ఉంది. అంటే నువ్వు చూసేది స్పూనుని కాదు, నీ బుర్ర గీసిన బొమ్మని. ఒప్పుకో" అన్నాను. అక్క స్పూను కడుగుతున్నంత తీరిగ్గా అంది, "వంకరగా కనబడితే వంకరది ఇంకోటి ఉండి తీరాలా? ఎవడైనా దొంగలా కనబడ్డాడంటే నీ కంట్లో ఒక దొంగ దూరినట్టా? నీళ్ళలో పెట్టిన తిన్నని స్పూను ఇలాగే కనబడుతుందే. తిన్నగా కనబడిందంటే గ్లాసులో నీళ్ళు లేవన్నమాట." నాన్న పేపరు మడిచి, "స్పూను సంగతి తర్వాత తేల్చుకోండి గాని, నా కాఫీలో ఎవరైనా చక్కెర కలిపారా?" అన్నాడు. ఎవరూ కలపలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ తగువు తెగకపోయినా "చక్కెర కలిపారా" అనేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట అనడానికి మేమిద్దరమే మిగిలాం. ఒక్కదాన్నే మిగిలితే ఎవరితో అంటాను?

తలుపు చప్పుడు. బావ. ఎప్పుడూ "డాక్టరమ్మగారూ" అని ఆటపట్టిస్తూ వచ్చే మనిషి ఇప్పుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు, చొక్కా మీద రక్తం లేదుగాని మట్టి ఉంది, అక్క పక్కన నేల మీద కూర్చున్న మట్టి. "ఏమైనా తెలిసిందా?" అన్నాడు. చూస్తున్నాను బావా అన్నాను. "కాలేజీ కొత్త బిల్డింగులో ఆ మెట్లు చూశావుగా, కిందంతా నలుపూ తెలుపూ గళ్ళు, మెట్లకీ అవే గళ్ళు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నేలలా ఉంటుంది. మెట్టు కనబడక పడిపోయిందమ్మా." అని ఆగి, ఇబ్బందిగా, "కనబడక కాదని నీకు చెప్పమంది. మెట్టు కనబడిందట, తనే చూసుకోలేదట. మెట్టు తనని మోసం చెయ్యలేదట. ఆ మాట నీతో తప్పకుండా చెప్పమంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, పళ్ళు బిగబట్టాల్సినంత నవ్వు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, లోకం సూటిగా కనబడుతుందని ఊరందరికీ పాఠం చెప్పి, ఉన్న మెట్టుని నేల అనుకుని కాలు పెట్టింది, కింద పడి కూడా మెట్టు తరపునే వకాల్తా పుచ్చుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! బావ చూడకుండా లైటుపెట్టె వైపు తిరిగాను. "నువ్వొకసారి కిందికి రావా? అడుగుతోంది, గుడ్లగూబ ఎక్కడా అని." చీకటిగదిలో కూర్చుంటానని అక్క నాకు పెట్టిన పేరు అది. వస్తాను, ఇది తేల్చుకుని వస్తాను, అన్నాను. బావ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు మెట్ల దగ్గర ఆగి, తడుముకుని, మళ్ళీ మొదలైంది.

వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే మా పనిలో ఒక పద్ధతి ఉంది, నాకు నేర్పిన పెద్దాయన పెట్టిన పద్ధతి. ఫిల్ము చదివేదాకా మనిషి ముఖం చూడకూడదు, ముఖం చూస్తే జాలి పుడుతుంది, జాలిపడ్డ కన్ను తనకి కావలసిందే చూస్తుంది, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా ఉన్నట్టు. ఆ పద్ధతి నేను ఎప్పుడూ తప్పలేదు, అందుకే నా మాటకి ఇక్కడ విలువ. ఇది ఒక కారణం. ఇంకోటి, వెళితే అక్క నా ముఖం చూస్తుంది. అక్క ముఖాలు చదివినంత వేగంగా నేను ఫిల్ములు చదవలేను. చిన్నప్పుడు నాన్న ఒకసారి స్టేషనులో నీళ్ళ కోసం దిగాడు, మేమిద్దరం కిటికీ దగ్గర. ఉన్నట్టుండి బండి కదిలింది, ఎదుటి కిటికీలన్నీ వెనక్కి పోతున్నాయి, నాన్న కిందనే ఉండిపోయాడు, నేను "బండి పోతోంది, నాన్నా" అని కేకలు, కడుపులో నిజంగానే ఆ కుదుపు, బండి కదిలితే కలిగే కుదుపు. అక్క నా గడ్డం పట్టుకుని ముఖం ప్లాట్‌ఫారం వైపు తిప్పింది. "అటు స్తంభాన్ని చూడు." స్తంభం ఉన్నచోటే ఉంది. కదిలింది పక్కబండి. కానీ చూశాక కూడా, తెలిశాక కూడా, మళ్ళీ ఇటు తిరిగితే మా బండే కదిలింది, కుదుపు పోలేదు. తెలిసినంత మాత్రాన పోనిది ఏమిటది? ఈ గీతా అంతే. ఇది కంటి గీత అని నా చదువంతా చెబుతోంది, నా ఉపాయం చెబుతోంది, అయినా కాగితం తీయగానే ఠంచనుగా వచ్చి నిలబడుతుంది, అప్పులవాడు కూడా ఇంత నమ్మకంగా రాడు. తెలివికి లొంగని దాన్ని నిజమనాలా, అబద్ధమనాలా?

ఒకసారి అక్కని ఈ గదికే తీసుకొచ్చాను, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి ఇంకెవరిదో మెడ పెట్టి చూపించాను. గీత కనబడిందా? కనబడింది. కాగితం పెట్టాను, పోయింది. "ఇది నీ స్పూను కాదక్కా. స్పూనుని ఫొటో తీస్తే ఫొటోలోనూ వంకరే, నీళ్ళ గుణం అని తప్పించుకున్నావు. ఈ గీత ఫిల్ములో లేదు, మీటరుకి లేదు, వెలుతురులో లేదు. మరి నువ్వు ఇంతసేపూ చూసిన నల్లగీత ఎక్కడుందో చెప్పు." అక్క కాగితం నా చేతిలోంచి లాక్కుంది. నాకు పండగలా ఉంది. చాలాసేపు కాగితం తనే పెడుతూ తీస్తూ కూర్చుంది. చివరికి, "నేను అంచుని చూశానే. అంచు ఉందిగా అక్కడ. ఉన్న అంచునే కాస్త ఎక్కువ చేసి చూశాను" అంది. ఎక్కువ చేసింది ఎవరు, అన్నాను. "నేనే. కన్ను నాదే కదా, పరాయిదా? కానీ ఏమీ లేనిచోట గీత చూడలేదు చూడు. తాడుని చూసి పాము అనుకున్నవాడు కూడా తాడునే చూశాడు." ఆ రోజంతా ఆ మాట మీద నవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తాడు కరవదు, పాము కరుస్తుంది కదా అక్కా, నాకు కావలసింది అది, ఇది తాడే అని ఎవరైనా చేతిలో పెట్టి చెప్పడం.

ఎక్స్‌రే తీసిన టెక్నీషియన్ని పిలిచాను. నా కంటే పెద్దవాడు, మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకునే మనిషి. ఏం కనబడుతోందండీ అని అడిగాను. తుడుచుకుని, వంగి, "గీత ఉంది మేడమ్. స్పష్టంగా ఉంది" అన్నాడు. ఒక్క క్షణం నమ్మేశాను. మరుక్షణం నా మీద నాకే కోపం. ఉండక? ఆయనవీ కళ్ళే, ఆ కళ్ళూ అంచు దగ్గర అదే పని చేస్తాయి. ఊరంతా వరసకట్టి వచ్చి చూసినా ఉందనే అంటుంది, నలుగురూ ఒకేలా పొరబడితే దానికి సాక్ష్యం ఎక్కువై నిజమైపోతుందా? "మీ అక్కగారని తెలిసి రెండుసార్లు సరిచూసి తీశాను మేడమ్" అన్నాడు ఆయన, తప్పు తనదేమోనన్నట్టు. బాగా తీశారండీ అన్నాను. వెళ్ళిపోయాడు. తలుపు సందులోంచి వచ్చిన వెలుతురు గీతలా నేల మీద పడి, సన్నబడి, పోయింది. దానికి కూడా ఉలిక్కిపడ్డాను.

తమాషా ఏమిటంటే ఇన్నేళ్ళ పోట్లాటలో నా వాదం గెలవాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. నేను చెప్పేదే నిజమైతే, కన్ను లేనిదాన్ని గీసి చూపించేదైతే, అక్క బతికి లేచి కూర్చుంటుంది, కూర్చుని నన్ను ఓడించడానికి మళ్ళీ మొదలుపెడుతుంది. అక్క చెప్పేదే నిజమైతే, కనబడేది ఉన్నదే అయితే, ఆ మెడ విరిగింది. అక్క ఇలా అనదని తెలుసు, కనబడిందల్లా ఉందని ఆమె ఎప్పుడూ అనలేదు, నా బాధకి నేను ఆమె మాటని వంకర చేస్తున్నాను. అయినా ఓడిపో అక్కా. ఈ ఒక్కసారికి ఓడిపో. కావాలంటే తర్వాత జీవితాంతం నేను ఓడిపోతాను, స్పూను తిన్నగానే కనబడుతోందని నీ విద్యార్థులందరి ముందూ నిలబడి చెబుతాను. నీతో మాట్లాడి ఎన్నాళ్ళైంది, పోయిన ఆదివారం ఫోన్ చేస్తే పని ఉందని పెట్టేశాను, ఏం పని? ఇదే పని, నీడల పని. భయంగా ఉందక్కా. నిజంగా భయంగా ఉంది. మళ్ళీ ఫోన్ మోగుతోంది.

ఎత్తకముందే కాగితం చివరిసారి పెట్టాను, ఈసారి చేతిని లైటుపెట్టె అంచుకి ఆనించి, జారకుండా, పళ్ళ నీడని మాత్రమే కప్పి, కొమ్ము మొదలుని పూర్తిగా బయట ఉంచి. గీత లేదు. ఎముక అంచు ఇటునుంచి అటు తెగకుండా నున్నగా వెళ్ళింది. కాగితం తీశాను, వచ్చింది. పెట్టాను, పోయింది. పరాయి మెడైతే ఈ పాటికి చెప్పేసి ఉండేదాన్ని, పరాయి మెడకి ఒక న్యాయం, అక్క మెడకి ఒక న్యాయమా? ఫోన్ ఎత్తాను. "ఆ గీత లేదండీ. అది కంటి గీత, పళ్ళ నీడ అంచు" అన్నాను. "ఖాయమేనా మేడమ్?" "ఖాయం." "హమ్మయ్య. అయితే విప్పేస్తున్నా." "విప్పండి." అంతే. నా గొంతే, ఎప్పుడూ చెప్పే గొంతే. పెట్టేశాక చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాను, హాయిగా ఏడ్చాను, అక్క ఓడిపోయింది, అక్క గెలవలేదు, వెళ్ళి ఆ మాట ముఖం మీద అనాలి, ముందు ఆ ముఖం చూడాలి. ఫిల్ములు తీసి కవరులో పెడుతున్నాను. నోట్లోంచి తీసింది పెట్టాను. పక్కనుంచి తీసింది, మెడంతా ఒకవైపునుంచి నిలువుగా కనబడేది, లైటుపెట్టె మీద రెండోవైపు ఇంతసేపూ వెలుగుతూనే ఉంది, దాన్నీ క్లిప్పు నుంచి లాగాను. లాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, చేతి అలవాటుకొద్దీ పైనుంచి ఎముకలు లెక్కపెట్టాను. ఒకటి. రెండు, అదిగో మన కొమ్ము, వెధవ కొమ్ము. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

ఆరు. ఆరు తర్వాత తెలుపు. ఎముక తెలుపు కాదు, భుజాల తెలుపు. భుజాలు మెడకి అడ్డం వచ్చి కిందిభాగాన్ని మింగేశాయి. మెడలో ఏడు ఎముకలుంటాయి, ఏ మనిషికైనా ఏడే, నాకూ, బావకీ, అక్కకీ. ఏడోది ఈ ఫిల్ములో లేదు. విరిగిందని కాదు, బాగుందని కాదు, అసలు లేదు, తీయలేదు, ఎవరూ చూడలేదు. ఏడోది కనబడకపోతే ఆ ఫిల్ము చెల్లదు, మళ్ళీ తీయించాలి, ఇది చదువులో కాగితం ఉపాయం కంటే ముందు చెప్పే పాఠం, మొదటిరోజు పాఠం. టెక్నీషియన్ రెండుసార్లు సరిచూశానన్నది నోట్లోంచి తీసినదాన్ని, నేను ఇంతసేపూ చూసిందీ దాన్నే, లేనిగీత దగ్గర కాపలా కుక్కలా కూర్చుని. విప్పండి అన్నాను. విప్పండి అన్నానే! ఫోన్ చేశాను, మోగుతోంది, ఎవరూ ఎత్తరు, ఎందుకు ఎత్తుతారు, వాళ్ళ చేతులు అక్క మెడ దగ్గర ఉన్నాయి. చెప్పులు ఎక్కడో విడిచాను, వదిలేశాను. నడవా, మెట్లు, చల్లటి నేల, ఎదురొచ్చే ట్రాలీ, ఎవరో "మేడమ్, ఏమైంది" అంటున్నారు, మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టూ కళ్ళు చిట్లించి చూసుకుంటూ దిగుతున్నాను, పడకూడదు, నేనూ పడకూడదు. అక్కడ కాలర్ పట్టీ ఊడదీస్తున్న చప్పుడు, చిరచిరమని, అక్క ఉన్న తెర వెనకనుంచే.

"ముట్టుకోకండి!" అది నా గొంతేనా? తెర లాగేశాను. ఒక పట్టీ ఊడిపోయి వేలాడుతోంది. ఎముకల డాక్టరు రెండోదాని మీద చెయ్యి వేసి ఉన్నాడు. అక్క చెయ్యి కూడా పైకి లేచి ఉంది, సాయం చెయ్యబోతోంది, తన మెడ తనే విప్పుకోబోతోంది. తల వెనక్కి చేరి రెండు అరచేతుల మధ్య ఆమె తలని పట్టేసుకున్నాను, చెవుల మీదుగా, గట్టిగా. "ఏడోది లేదండీ ఫిల్ములో. భుజాలు అడ్డం వచ్చాయి. నేను చూసుకోలేదు. కట్టెయ్యండి, కట్టెయ్యండి ముందు." ఎముకల డాక్టరు ఊడిన పట్టీ మళ్ళీ బిగించాడు. వాంతి వస్తే అందరం కలిసి దుంగలా ఒక్కసారే పక్కకి తిప్పుదామన్నాను, నర్సు వాంతిని పీల్చేసే గొట్టం దగ్గర పెట్టుకుంది. అక్క ముఖం నాకు తలకిందులుగా కనబడుతోంది, గడ్డం పైన, నుదురు కింద, అయినా అది అక్క ముఖమే, ఒక్క క్షణం కూడా ఎవరిదో అనిపించలేదు. "వచ్చావుటే. చేతులు అలా వణికిస్తే ఉన్న మెడ కూడా విరుగుతుంది" అంది. గొంతు ఎండిపోయి ఉంది. కదలకు అన్నాను. కాలర్ వెనక సందులోంచి ఒక వేలు మెల్లగా లోపలికి పోనిచ్చాను, మెడా వీపూ కలిసే చోటికి. మెడిసిన్ చదివే రోజుల్లో పరీక్షకి ముందు అక్కని ముందు కూర్చోబెట్టుకుని ఈ మెడ మీదే ఎముకలు నేర్చుకున్నాను, తల వంచితే అన్నిటికంటే పొడుచుకొచ్చే ముడి ఏడోదని, నొక్కితే "ఇది మెడా, నీ కీబోర్డా" అని తిట్టేది. ఆ ముడి నా వేలికి కళ్ళకంటే బాగా తెలుసు. ముడి ఉండాల్సిన చోట పల్లం ఉంది. కాస్త పక్కకి, ముడి. జరిగిపోయిన ముడి. వేలు ఆనించానో లేదో అక్క ఊపిరి బిగపట్టింది. "అక్కడే. అక్కడేనే నొప్పి." ముందే ఎందుకు చెప్పలేదక్కా అన్నాను. "మెడ నొప్పా అని అడిగారు, అవునన్నాను. ఎక్కడా అని ఎవరూ అడగలేదు."

ఎవరూ. నేనూ. వేలు తీసి మళ్ళీ రెండు చేతులతో తల పట్టుకున్నాను. పట్టీ ఊడిన ఆ కాసేపట్లో ఆ ముడి ఎంత జరిగిందో, లోపల ఏం నొక్కుకుందో ఏ ఫిల్మూ చెప్పదు. "అక్కా, కాలి వేళ్ళు కదిలించు." కళ్ళు మూసుకుంది. బావ తెర పక్కన నిలబడ్డాడు, ఎముకల డాక్టరు అక్క కాళ్ళ మీది దుప్పటి తీసి పక్కకి జరిగాడు. ఎంత దూరంగా ఉన్నాయి ఆ పాదాలు, స్ట్రెచర్ కొసన, తెల్లటి దీపం కింద, ఎడమకాలి గోరు మీద పాత దెబ్బ మచ్చతో. కదల్లేదు. అక్కా అన్నాను. "ఆగవే, కదిలిస్తున్నాను" అంది, అంటుండగా ఎడమ బొటనవేలు లేచింది, దాని వెనకే పక్కవేలు, ఆ తర్వాత కుడికాలివి అన్నీ ఒకేసారి, చలికి ముడుచుకున్నట్టు ముడుచుకుని విచ్చుకున్నాయి. నా కళ్ళ నిండా నీళ్ళు, పాదాలు నీళ్ళలో ఉన్నట్టు వంకరపోయి, చెదిరిపోయి కనబడుతున్నాయి. కదిలాయి. నేను చూశాను. బావ నా ముఖం వైపు చూస్తే, కదిలాయి బావా అన్నాను. ఇంకోసారి అక్కా, అన్నాను. "ఎన్నిసార్లే?" అని విసుక్కుంది గాని, కదిలించింది.